అల గీత

ఆరో నంబర్ బస్టాపు వెనక సందులో
కింద మందుల షాపు, పైన పద్నాలుగు మంచాలు.
మూసీ వాసన కిటికీ దాకా వచ్చి
ఫినాయిల్‌ను చూసి వెనక్కి తిరుగుతుంది.
రాత్రి డ్యూటీకి నేను.
తుడవడానికి, పట్టుకోవడానికి, పరుగెత్తడానికి
ఆయా బాలమణి.
డాక్టరు గారు ఫోన్‌లో ఉంటారు.

ఏడో మంచం మెహరున్నీసా బేగం.
మనవడి పెళ్లి గోరింటాకు ఇంకా పోలేదు ఆమె చేతికి.
ఆ పూలతీగల కింద
అసలు నరం ఎక్కడుందో వెతుక్కోవాలి.
మూడు రోజులుగా ప్రతి డోసుకూ పేరడుగుతున్నాను.
"కిత్తే బార్ పూఛ్‌తీ బేటీ" అని నవ్వుతుంది.
"ఇంకోసారి చెప్పండి అమ్మీ" అంటాను,
ఆ నవ్వును మణికట్టు పట్టీ మీది రాతతో సరిచూస్తాను.

నాకీ పని నేర్పింది ఎస్తేరు సిస్టర్.
"తీసేటప్పుడు చదువు. నింపేటప్పుడు చదువు.
ఖాళీది పారేసేటప్పుడూ చదువు,
అప్పుడు చదివి ఏం లాభం అనకు."
క్యాన్యులా మూతిని స్పిరిట్ దూదితో రుద్దేటప్పుడు
గడియారం చూడనిచ్చేది కాదు, బస్సెక్కించేది:
ఆరో నంబర్, గోల్నాక, కాచిగూడ, బడీచౌడీ, కోఠి.
కోఠిలో దిగాకే చెయ్యి తియ్యాలి.
ఆమె రిటైరై ఆరేళ్లు.
నేనింకా ఆ బస్సులోనే ఉన్నాను.

ఆ రాత్రి మూడు దాటాక కరెంటు పోయింది.
ఇన్వర్టర్ ఒక్క బల్బునే బతికించింది.
రెండో మంచంలో వాంతి, పదకొండులో డ్రిప్ ఆగింది,
ఏడుకి యాంటీబయాటిక్ టైము.
తెల్లపొడి సీసా, కొత్త సిరంజి, కొత్త సూది,
పొడి కలపడానికి పది ఎంఎల్ నీళ్లు.
ట్రేలో చెయ్యి పెట్టాను.
చేతికి అలవాటెక్కువ. కళ్లు దాన్ని నమ్మేస్తాయి.
ఆంప్యూల్ మెడ విరవబోతున్నాను

"సిస్టర్, జర ఆగు" అంది బాలమణి, టార్చి పట్టుకుని.
ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగూ బస్సు బోర్డుల వరకే.
"నీళ్ల మందు మీద నీళ్ల లెక్కనే ఉంటది గదా గీత,
కిందికీ మీదికీ, అల లెక్క.
గీ దాని మీద గరిటె నిలవెట్టినట్టుందేంది?"

తిప్పి చూశాను.
గరిటే.
గరిటె పక్కన సున్నా.
పెదాలు కదుపుతూ బడిపిల్లలా కూడబలుక్కున్నాను.
పొటాషియం క్లోరైడ్.
అదే ఎత్తు, అదే గాజు, వేళ్లకు అదే చల్లదనం.
సెలైన్‌లో కలిసి, గంటల తరబడి
చుక్కచుక్కగా దిగితే అది మందు.
సిరంజిలోంచి సూటిగా నెడితే
గుండె ఒక మాట మధ్యలో ఆగిపోతుంది.

నీళ్ల పెట్టెలోకి దాన్ని ఎవరు చేర్చారు?
షాపు కుర్రాడా, పగటి సిస్టరా,
నిన్న తొందరలో స్టాకు సర్దిన నేనా?
నేనే అయ్యుండొచ్చు.

చేతులు కడుక్కున్నాను. మళ్లీ మొదటినుంచి.
అల గీతను బాలమణికి చూపించాను,
తల ఊపాకే విరిచాను.
సిరంజికి పేరు, టైము రాసి అంటించాను.
"అమ్మీ, మీ పేరు?"
"రాత్ కో భీ?" అంది కళ్లు తెరవకుండానే. చెప్పింది.
ఆ రాత్రి కోఠిలో దిగలేదు,
అఫ్జల్‌గంజ్ దాకా పోయాను.
"ఆహిస్తా" అందామె నిద్రలో.
ఆహిస్తాగానే నెట్టాను.
నా మోకాళ్ల వణుకు చేతిలోకి రానివ్వకుండా.

రిజిస్టర్‌లో విశేషాలు అనే గడి ఉంటుంది.
అందరం అందులో "ఏమీ లేవు" అని రాస్తాం.
పొద్దున డాక్టరు గారు నా ఏడు లైన్లూ చదివి
"జరగనిదానికి ఇంత రాతెందుకమ్మా" అన్నారు.
జరిగితే రాసే చెయ్యి ఉండేదా నాకు?
పైకి అనలేదు. పేజీ చింపొద్దని మాత్రం అన్నాను.

ఇప్పుడు పొటాషియం కింది సొరుగులో, తాళం వేసి.
సొరుగుకు ఎర్ర టేపు,
టేపు మీద బాలమణి స్కెచ్‌పెన్నుతో గీసిన గరిటె.
కొత్తగా చేరిన భార్గవి
అది వంటసామాను అనుకుని స్పూను అడిగింది.
నవ్వాను. తాళం తీశాను.
ఒక ఆంప్యూల్ ఆమె అరచేతిలో పెట్టి
"పైకి చదువు" అన్నాను.
బాలమణి, పట్టపగలే,
టార్చి వేసి పట్టుకుంది.